పాఠం 17. క్యాన్సర్: ఎక్కడ, ఎవరికి, ఎందుకు?

17.0 పరిచయం

మలేరియా, క్షయ, కలరా వంటి అంటువ్యాధుల పేర్లు మీకు తెలుసు. వాటిలో ఒక్కొక్క వ్యాధికి ఒక్కొక్క సూక్ష్మజీవి కారణం. దోమ కుట్టకపోతే మలేరియా రాదు. ఇంత సూటిగా చెప్పడానికి వీలుకాని వ్యాధి ఒకటి ఉంది. దానిని మన పెద్దలు రాచపుండు అనేవారు. మనం క్యాన్సర్ అంటున్నాం. ఇది ఎందుకు వచ్చిందని అడిగితే చాలా ఇళ్ళలో వినిపించే మాట "తలరాత" అని. డాక్టరును అడిగితే "ఫలానా కారణమని చెప్పలేం" అనవచ్చు. ఈ రెండూ ఒకటే మాట కాదు. ఒక్క మనిషికి క్యాన్సర్ ఎందుకు వచ్చిందో చెప్పడం కష్టం. కాని లక్షమందిని కలిపి చూస్తే, అది ఎక్కడ ఎక్కువ, ఎవరిలో ఎక్కువ అనేది తెలుస్తుంది. అక్కడి నుంచి కారణం వైపు దారి దొరుకుతుంది. ఈ పాఠంలో మనం ఆ దారిలో నడుద్దాం.

ఈ పాఠం చదివిన తరువాత మీరు కేసుల సంఖ్యకూ, రేటుకూ ఉన్న తేడాను వివరించగలుగుతారు. మన దేశంలో వేరువేరు ప్రాంతాల్లో వేరువేరు క్యాన్సర్లు ఎందుకు కనిపిస్తాయో ఉదాహరణలతో చెప్పగలుగుతారు. రుజువైన కారణమేదో, అనుమానం మాత్రమే ఏదో విడదీయగలుగుతారు. మీ ఇంట్లో ఎవరికి ఏ పరీక్ష అవసరమో గుర్తించగలుగుతారు.

17.1 కణం దారి తప్పడం

మన శరీరం కోట్లాది కణాలతో ఏర్పడింది. పాత కణాలు చనిపోతుంటాయి, కొత్తవి పుడుతుంటాయి. ఎన్ని పుట్టాలి, ఎప్పుడు ఆగాలి అనే ఆజ్ఞలు కణంలోని జన్యువుల్లో ఉంటాయి. ఆ ఆజ్ఞలు చెడిపోతే కణాలు ఆగకుండా పెరిగి గడ్డ కడతాయి, పక్క భాగాల్లోకి చొచ్చుకుపోతాయి, రక్తం ద్వారా దూరంగా ఉన్న అవయవాలకు కూడా చేరతాయి. అదే క్యాన్సర్.

జన్యువులు ఒక్కరోజులో చెడిపోవు. ఒకదాని తరువాత ఒకటిగా చాలా మార్పులు జరగాలి. అందుకు సాధారణంగా పది, ఇరవై, ముప్పై ఏళ్ళు కూడా పడుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందుముందు అవసరమవుతుంది. ఇరవై ఏళ్ళప్పుడు మొదలైన అలవాటు యాభై ఏళ్ళప్పుడు జబ్బుగా బయటపడితే, మనిషికి ఆ రెండింటికీ సంబంధం కనిపించదు. "నిన్నటిదాకా బాగానే ఉన్నాడు" అంటాం.

17.2 అంకెలను చదవడం

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఫ్రాన్సులోని లియాన్ నగరంలో ఉంది. దాని అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 14 లక్షలమందికి కొత్తగా క్యాన్సర్ వచ్చింది, 9 లక్షలకు పైగా చనిపోయారు. అదే ఏడాది అమెరికాలో కొత్త రోగులు దాదాపు 24 లక్షలు, మరణాలు సుమారు 6 లక్షలు.

ఈ నాలుగు అంకెల దగ్గర కాసేపు ఆగండి. అమెరికా జనాభా మనలో నాలుగోవంతు మాత్రమే. అయినా రోగులు అక్కడే ఎక్కువ. వయస్సుల తేడాను సవరించి చూస్తే, ఏడాదికి లక్షమందిలో మన దేశంలో వందకు కాస్త తక్కువమందికి, అమెరికాలో 350 మందికి పైగా క్యాన్సర్ వస్తోంది. అంటే మనం అదృష్టవంతులమా? ఇప్పుడు మరణాలు చూడండి. అమెరికాలో కొత్త రోగులు నలుగురు ఉంటే మరణాలు ఒకటి. మన దగ్గర ముగ్గురు రోగులకు మరణాలు రెండు. ఈ ఏడాది చనిపోయినవారు ఈ ఏడాది జబ్బు పడినవారే కానక్కరలేదు కాబట్టి ఇది స్థూలమైన లెక్కే. అయినా ఇంత తేడాను తీసిపారెయ్యలేం. మన దేశంలో క్యాన్సర్ తక్కువమందికి వస్తుంది, వచ్చినవారిలో ఎక్కువమందిని తీసుకుపోతుంది. అభివృద్ధి చెందుతున్న దేశాలు చాలావాటిలో కనిపించే పోలిక ఇదే.

పైన "వయస్సుల తేడాను సవరించి" అన్నాం. ఎందుకు? క్యాన్సర్ ఎక్కువగా పెద్దవయస్సులో వచ్చే జబ్బు. మన దేశంలో పిల్లలు, యువకులు ఎక్కువ. ముసలివారు ఎక్కువగా ఉన్న దేశంతో ఉన్నదున్నట్టు పోల్చడం న్యాయం కాదు. దేశాల దాకా ఎందుకు, ఒక మండలాన్నే తీసుకోండి. వయస్సులో ఉన్నవారంతా హైదరాబాదుకో, చెన్నైకో కూలిపనికి వలసపోయి, ముసలివాళ్ళే ఊళ్ళలో మిగిలారనుకోండి. అక్కడ క్యాన్సర్ రేటు ఎక్కువగా కనిపిస్తుంది. నీళ్ళలో విషం ఏమీ లేకపోయినా సరే.

ఇంకొక చిక్కు ఉంది. లెక్కలోకి వచ్చేది డాక్టరు గుర్తించిన క్యాన్సర్ మాత్రమే. కడుపునొప్పితో చిక్కిశల్యమై ఇంట్లోనే కన్నుమూసిన అవ్వకు ఏ క్యాన్సరో ఎవరు రాశారు? అందుకే లెక్క రాయడానికి ప్రత్యేకమైన ఏర్పాటు కావాలి. దానిని క్యాన్సర్ రిజిస్ట్రీ అంటారు. ఒక నిర్ణీత ప్రాంతంలో నివసించే వారిలో వచ్చిన ప్రతి క్యాన్సర్‌నూ ఆసుపత్రుల నుంచి, పరీక్షశాలల నుంచి, మరణాల నమోదు నుంచి సేకరించి రాస్తారు. మన దేశంలో ఇలాంటి మొదటి రిజిస్ట్రీ 1963లో బొంబాయిలో మొదలైంది. భారత వైద్య పరిశోధన మండలి 1981లో జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. పూర్తిగా పల్లెల కోసం పెట్టిన మొదటిది మహారాష్ట్రలోని బార్షీ రిజిస్ట్రీ, 1987లో. ఇప్పటికీ రిజిస్ట్రీల పరిధిలో ఉన్నది దేశ జనాభాలో కొద్దిభాగమే.

పాఠ్యగత ప్రశ్నలు 17.1

1. ఒక మండలంలో జనాభా 50,000, ఒక ఏడాదిలో కొత్త క్యాన్సర్ రోగులు 40 మంది అనుకోండి. పక్క మండలంలో జనాభా 2,00,000, కొత్త రోగులు 120 మంది. రేటు ఎక్కడ ఎక్కువ?
2. ఊళ్ళో కొత్తగా స్కానింగు సెంటరు పెట్టిన ఏడాది క్యాన్సర్ కేసులు పెరిగాయి. జబ్బే పెరిగిందని వెంటనే చెప్పవచ్చా?

17.3 శ్రీకాకుళం అంగిలి

ఇప్పుడు ఒక సమస్యను మనమే విప్పుదాం. నోటి క్యాన్సర్ మన దేశంలో చాలా ఎక్కువ. అయితే నోటిలో అది ఎక్కడ వస్తుంది? పొగాకు వేసిన కిళ్ళీ నమిలేవారిలో ఎక్కువగా బుగ్గ లోపలివైపున. కారణం ఊహించడం కష్టం కాదు. నమిలిన ముద్దను బుగ్గన పెట్టుకుంటారు, గంటల తరబడి అది అక్కడే ఊరుతుంది. బీహారులో ఖైనీని కింది పెదవికీ చిగురుకూ మధ్య పెట్టుకుంటారు, అక్కడ మచ్చలు వస్తాయి. పొగాకు ఎక్కడ ఆనుకుంటే పుండు అక్కడ.

కాని ఉత్తర కోస్తా ఆంధ్రలో, విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు, డాక్టర్లు మరొక రకం చూస్తూ వచ్చారు. నోటి పైకప్పు, అంటే అంగిలి మీద క్యాన్సర్. అందులోనూ గట్టిగా ఉండే ముందు అంగిలి. మిగతా ప్రపంచంలో అక్కడ క్యాన్సర్ రావడం అరుదు. పైగా రోగుల్లో ఆడవాళ్ళు ఎక్కువ.

మీరు ఆ ప్రాంతం వారైతే జవాబు ఇప్పటికే తట్టి ఉంటుంది. మీ అమ్మమ్మో, నాయనమ్మో అడ్డపొగ తాగడం చూసే ఉంటారు. చుట్టను వెలిగించి, మండుతున్న కొసను నోట్లో పెట్టుకుని పెదవులు మూసి పీలుస్తారు. నిప్పు లోపల ఉంటుంది, పొగ లోపలే తిరుగుతుంది. ఎందుకలా అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా అని పల్లెకారులు అంటారు. చంటిపిల్లను ఎత్తుకున్నప్పుడు నిప్పురవ్వ మీద పడకుండా అని తల్లులు అంటారు. చుట్ట ఎక్కువసేపు వస్తుందని మరికొందరు. ఏ కారణం విన్నా పేదరికమూ, పనిపాటలూ అందులో కనిపిస్తాయి తప్ప విలాసం కనిపించదు.

1966, 67 సంవత్సరాల్లో బొంబాయిలోని టాటా ఫండమెంటల్ పరిశోధన సంస్థకు చెందిన దంతవైద్య పరిశోధకులు, డెన్మార్కు శాస్త్రవేత్త జెన్స్ పిండ్‌బోర్గ్‌తో కలిసి ఇంటింటికీ తిరిగి పల్లెవాసుల నోళ్ళు పరీక్షించారు. కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్, అప్పటి బీహారులోని దర్భంగా, సింగ్‌భూమ్, మన శ్రీకాకుళం. ఈ ఐదు జిల్లాల్లో మొత్తం 50,915 మంది. ఆసుపత్రికి వచ్చిన రోగులను మాత్రమే కాకుండా ఆరోగ్యంగా ఉన్నవారిని కూడా చూడటం దీనిలోని గొప్ప. రోగులను మాత్రమే చూస్తే, చుట్ట కాల్చీ జబ్బు రానివారు ఎంతమందో ఎలా తెలుస్తుంది?

శ్రీకాకుళం జిల్లాలో 10,169 మందిని చూశారు. (ఇప్పటి విజయనగరం జిల్లాలో కొంతభాగం అప్పుడు శ్రీకాకుళంలోనే ఉండేది.) వారిలో దాదాపు 44 శాతం అడ్డపొగ తాగేవారే, వారిలోనూ స్త్రీలు ఎక్కువ. అడ్డపొగ తాగేవారి అంగిలి తెల్లబారి, మధ్యమధ్య ఎర్రని చుక్కలతో, కొన్నిచోట్ల పుండ్లతో కనిపించింది. మామూలుగా పొగతాగేవారిలో కూడా అంగిలి తెల్లబారడం ఉంది, కాని అది క్యాన్సర్‌గా మారడం అరుదు. అడ్డపొగవారిలో మారుతుంది. పొగాకు అదే, చుట్ట అదే. తిప్పి పెట్టుకోవడంలోనే ఉంది తేడా.

ఇంతవరకు చూసింది పోలిక మాత్రమే. పోలిక కనిపించగానే కారణం దొరికిందనుకోకూడదు. ఉదాహరణకు, అడ్డపొగ తాగే స్త్రీలు పేదవారు కాబట్టి సరైన తిండిలేక క్యాన్సర్ వస్తోందేమో? ఆ అనుమానం తీరాలంటే మూడు ప్రశ్నలు అడగాలి. ఇలాంటి తిండే తింటూ అడ్డపొగ తాగనివారిలో అంగిలి ఎలా ఉంది? ఇదే అలవాటు ఉన్న వేరే దేశాల్లో ఏం జరుగుతోంది? అలవాటు మానిపిస్తే జబ్బు తగ్గుతుందా?

మొదటి ప్రశ్నకు ఇంటింటి సర్వేయే జవాబిచ్చింది. ఒకే పల్లెలో, ఒకే తిండి తినేవారిలో కూడా ఆ మచ్చలు అడ్డపొగను వదలకుండా కనిపించాయి. రెండోదానికి ఫిలిప్పీన్స్, కొలంబియా వంటి చోట్ల నుంచి జవాబు వచ్చింది. అక్కడి తిండి వేరు, మనుషులు వేరు, కాని కొన్ని ప్రాంతాల్లో స్త్రీలకు ఇదే అలవాటుంది, అంగిలి జబ్బూ ఉంది. మూడోదాని కోసం ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో పొగాకు వాడే 36,471 మందిని ఎన్నుకుని, ఏడాదికొకసారి నోరు పరీక్షిస్తూ, మానమని నచ్చజెబుతూ ఐదేళ్ళు వెంబడించారు. 1986లో ఫలితాలు ప్రచురించారు. అలవాటు బాగా తగ్గినచోట, క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు కూడా తగ్గాయి. అంటే పొగాకు పక్కన నిలబడిన సాక్షి కాదు, అసలు నేరస్థుడే.

ఈ కథలో ఇంకొక పాత్ర ఉంది, వక్క. చాలాకాలం పాటు తప్పంతా పొగాకుదే, వక్క మంచిదే అనుకున్నారు. తాంబూలంలో వక్క లేకుండా మనకు పెళ్ళీ లేదు, పేరంటమూ లేదు కదా. కాని అంతర్జాతీయ సంస్థ అన్ని ఆధారాలూ పరిశీలించి, పొగాకు లేని కిళ్ళీ, వక్క కూడా మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని 2003లో నిర్ణయించింది. గుట్కా పొట్లాలు నమిలే కుర్రవాళ్ళలో బుగ్గలు లోపల గట్టిపడి నోరు తెరుచుకోకపోవడం వక్క వల్లనే. మీ మూడు వేళ్ళను ఒకదానిపై ఒకటిగా నిలువుగా నోట్లో పెట్టి చూడండి. పట్టకపోతే డాక్టరుకు చూపించుకోవాలి. ఆ గట్టిపడిన బుగ్గలో తరువాత క్యాన్సర్ రావచ్చు. పండుగనాడు వేసుకున్న ఒక్క తాంబూలానికి భయపడమని దీని అర్థం కాదు. రోజూ, పూటపూటా నమలడం గురించి చెబుతున్నాం.

17.4 దేశపటం మీద

భారత పటం ఒకటి దగ్గర పెట్టుకుని ఈ భాగం చదవండి. 2012 నుంచి 2016 వరకు రిజిస్ట్రీలు రాసిన లెక్కల ప్రకారం పురుషుల్లో క్యాన్సర్ రేటు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది మిజోరం రాజధాని ఐజ్వాల్‌లో, ఏడాదికి లక్షకు 269. అన్నిటికంటే తక్కువ మహారాష్ట్రలోని ఉస్మానాబాద్, బీడ్ జిల్లాల్లో, లక్షకు 40 లోపు. స్త్రీలలో ఎక్కువ అరుణాచల్ ప్రదేశ్‌లోని పాపుంపారె జిల్లాలో, దాదాపు 220. పల్లె జిల్లాల్లో కొన్ని కేసులు లెక్కకు అందకపోయి ఉండవచ్చు. అయినా ఆరేడు రెట్ల తేడా ఉత్త లెక్కల తప్పు వల్ల వస్తుందా?

ఈశాన్య రాష్ట్రాల్లో పొగాకు వాడకం విపరీతం. 2016–17 జాతీయ సర్వేలో దేశం మొత్తం మీద పెద్దవారిలో 28.6 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతుంటే, మిజోరంలో 58.7 శాతం వాడుతున్నారు. అక్కడ పొగాకు పొగను నీళ్ళలోకి పంపి, ఆ నీటిని పుక్కిలించే అలవాటు కూడా ఉంది. దానిని తుయిబుర్ అంటారు. అక్కడ కడుపు క్యాన్సర్ ఎక్కువ. పొగపెట్టి ఎండబెట్టిన మాంసం, పులియబెట్టిన పంది కొవ్వు కూడా అనుమానితుల జాబితాలో ఉన్నాయి.

కాశ్మీరులో చలికి కాంగ్రీ అనే నిప్పుల బుట్టను ఫిరన్ కింద పొట్టకు ఆనించుకుంటారు. పొట్ట మీద, తొడల మీద చర్మ క్యాన్సర్ రావడం అక్కడి డాక్టర్లు 19వ శతాబ్దంలోనే గుర్తించి రాశారు. వేడి ఎక్కడ తగిలితే అక్కడ. శ్రీకాకుళం అంగిలి గుర్తొచ్చిందా?

నగరాలకు వస్తే బొమ్మ మారిపోతుంది. పై లెక్కల్లోనే, రొమ్ము క్యాన్సర్ రేటు దేశంలో అన్నిటికంటే ఎక్కువగా నమోదైనది మన హైదరాబాదు జిల్లాలో, లక్షమంది స్త్రీలకు 48. మద్రాసు, బెంగుళూరు రిజిస్ట్రీలు 1980లలో మొదలైనప్పుడు స్త్రీలలో మొదటిస్థానం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ది. తరువాతి దశాబ్దాల్లో అది తగ్గుతూ వచ్చింది, రొమ్ము క్యాన్సర్ పెరుగుతూ వచ్చింది, స్థానాలు తారుమారయ్యాయి. ఆలస్యంగా మొదటి కాన్పు, తక్కువమంది పిల్లలు, తక్కువకాలం పాలివ్వడం, స్థూలకాయం ఇవన్నీ రొమ్ము క్యాన్సర్ అవకాశాన్ని పెంచుతాయి. ఆడపిల్ల చదువుకుని, ఆలస్యంగా పెళ్ళి చేసుకుని, ఇద్దరితో ఆగడం మంచిదే. అదే మార్పు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను తగ్గించడానికి తోడ్పడింది కూడా. కాబట్టి దీనిని చూపించి "పాతకాలమే మేలు" అనేవారితో ఏకీభవించకండి. పాతకాలంలో ఆ స్త్రీ కాన్పులోనే పోయే ప్రమాదం ఎక్కువ.

17.5 కారణమా, అనుమానమా?

పత్రికల్లో రోజుకొక వస్తువు క్యాన్సర్ తెస్తుందని చదువుతుంటాం. అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. పొగాకు, వక్క, సారా, బీరు, బ్రాందీ ఏదైనా సరే మద్యం, హెపటైటిస్ బి వైరస్, గర్భాశయ ముఖద్వారానికి సోకే హెచ్.పి.వి. అనే వైరస్, బూజుపట్టిన వేరుశనగ, మొక్కజొన్నల్లో పుట్టే అఫ్లటాక్సిన్ విషం, ఇవి రుజువైన కారణాలు. ఇంట్లో బొగ్గు మంట పొగ కూడా ఇందులోకే వస్తుంది. కట్టెలు, పిడకల పొయ్యి పొగ మాత్రం "బహుశా" అనే రెండో వరుసలో ఉంది. ఊపిరితిత్తులకు అది వేరే హాని ఎలాగూ చేస్తుంది కాబట్టి రుజువు కోసం ఎదురుచూడకుండా పొగ పోయే దారి చూసుకోవడమే తెలివి.

ఇప్పటికీ పూర్తిగా విడిపోని ముడి ఒకటి చెబుతాను. పిత్తాశయ క్యాన్సర్ దక్షిణాదిన తక్కువ. గంగా మైదానంలో, అంటే ఉత్తరప్రదేశ్, బీహార్ వైపు, అస్సాంలో కూడా ఎక్కువ, పురుషుల కంటే స్త్రీలలో ఎక్కువ. పిత్తాశయంలో రాళ్ళు ఉన్నవారికి వచ్చే అవకాశం హెచ్చు. కాని రాళ్ళున్న అందరికీ రాదు. టైఫాయిడ్ క్రిములు పిత్తాశయంలో ఏళ్ళతరబడి దాగి ఉండటమా, కల్తీ ఆవనూనెనా, నీళ్ళలోని ఆర్సెనిక్, భార లోహాలా? ఒక్కొక్కదానికి కొంత ఆధారముంది, ఏదీ ఒంటరిగా కథ మొత్తం చెప్పదు.

పంజాబులోని మాల్వా పత్తి ప్రాంతం నుంచి రాజస్థాన్‌లోని బికనేరు ఆసుపత్రికి వెళ్ళే రైలుకు జనం "క్యాన్సర్ రైలు" అని పేరుపెట్టారు. పురుగుమందులే కారణమని అక్కడి రైతులు గట్టిగా నమ్ముతారు. రైలు నిండా రోగులుండటం నిజం. అయితే దగ్గరలో చవకగా వైద్యం దొరకకపోతే కూడా రైలు నిండుతుంది. రేటు ఎంతో చూడాలి, వయస్సులు చూడాలి, మందు కొట్టినవారికీ కొట్టనివారికీ తేడా చూడాలి. పురుగుమందు మంచిదని కాదు. కొన్ని పురుగుమందులు క్యాన్సర్ కలిగిస్తాయని రుజువు కూడా అయింది. కాని ఆ ప్రాంతపు రోగుల జబ్బుకు అవే కారణమనడానికి రైలు ఒక్కటే సాక్ష్యం చాలదు.

పాఠ్యగత ప్రశ్నలు 17.2

1. అడ్డపొగ విషయంలో అడిగిన మూడు ప్రశ్నల్లో దేనికి వచ్చిన జవాబు కారణాన్ని అన్నిటికంటే గట్టిగా నిలబెడుతుంది? ఎందుకు?
2. "మా తాత ఎనభై ఏళ్ళు చుట్ట కాల్చాడు, ఏమీ కాలేదు" అనేవారికి మీరేం చెబుతారు?

17.6 ఆలస్యం అనే కారణం

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు అన్నివేళలా హెచ్.పి.వి. వైరసే మూలం. ఈ సంగతి కనుగొనడంలో ముఖ్యుడైన జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి ఇచ్చారు. వైరస్ లైంగిక సంబంధం ద్వారా సోకుతుంది. ఇది విని ఎవరి నడవడినీ అనుమానించవద్దు. పెళ్ళయి ఒక్క భర్తతోనే కాపురం చేసిన స్త్రీకి కూడా సోకుతుంది, చాలామందికి సోకుతుంది, చాలావరకు రెండేళ్ళలో దానంతటదే పోతుంది. పోకుండా ఉండిపోయిన కొద్దిమందిలో, పదిహేను ఇరవై ఏళ్ళకు అది క్యాన్సర్‌గా మారవచ్చు.

ఇరవై ఏళ్ళు! దొంగ ఇంట్లోకి వచ్చి ఇరవై ఏళ్ళు గుమ్మంలోనే కూర్చుంటే పట్టుకోలేమా? పట్టుకోగలమని మన దేశంలోనే నిరూపించారు. ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో (దీని పేరు ఇప్పుడు ధారాశివ్) 30 నుంచి 59 ఏళ్ళ మధ్య వయస్సున్న 1,31,746 మంది స్త్రీలను నాలుగు సమూహాలుగా విభజించారు. ఒక సమూహానికి వైరస్ పరీక్ష ఒకే ఒక్కసారి చేసి, అవసరమైనవారికి చికిత్స ఇచ్చారు. 2009లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఆ సమూహంలో ఈ క్యాన్సర్‌తో చనిపోయినవారు 34 మంది. పరీక్ష చేయని సమూహంలో, దాదాపు అంతే జనంలో, 64 మంది.

బొంబాయి మురికివాడల్లో మరొక ప్రయోగం జరిగింది. అక్కడ వాడింది వెనిగర్ లాంటి పలచని ఎసిటిక్ ఆమ్లం. దూదితో దానిని గర్భాశయ ముఖద్వారం మీద అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తే, చెడిన భాగం తెల్లగా మారుతుంది. యంత్రం అక్కరలేదు. పరీక్ష చేసింది డాక్టర్లు కూడా కాదు, పదో తరగతి దాకా చదువుకుని, నాలుగు వారాల శిక్షణ పొందిన స్త్రీలు. రెండేళ్ళకొకసారి చొప్పున నాలుగుసార్లు చేశారు. ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. మీరు చదువుతున్న ఈ చదువుతో ఏం చేయవచ్చని ఎవరైనా అడిగితే ఈ ఉదాహరణ చెప్పండి. (పోలిక కోసం ఉంచిన స్త్రీలకు పరీక్ష చేయకుండా ఆరోగ్య బోధ మాత్రమే చేయడం సరికాదని ఈ ప్రయోగాల మీద విమర్శలు వచ్చాయి. ఆ విమర్శలోనూ బలముంది.)

బార్షీలో ఇంకా చిత్రమైనది జరిగింది. అక్కడ రిజిస్ట్రీ కార్యకర్తలు లెక్క రాసుకోవడానికే ఊరూరా తిరిగారు. తిరుగుతూ, ఏ లక్షణం కనిపిస్తే ఆసుపత్రికి రావాలో పల్లె జనానికి చెప్పారు. కొన్నేళ్ళకు చూస్తే, ముదిరిన దశలో కాక తొలిదశలోనే వచ్చే స్త్రీల సంఖ్య పెరిగింది. చికిత్స తరువాత బతికినవారూ పెరిగారు. అక్కడ ముందుగా మారింది మందు కాదు, ఆసుపత్రికి వచ్చిన రోజు.

ఇప్పుడు 17.2లోని అంకెలను మళ్ళీ చూడండి. మన దేశంలో ముగ్గురు రోగులకు రెండు మరణాలు ఎందుకో కొంత అర్థమవుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఎప్పుడైనా గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకున్నామని చెప్పినవారు నూటికి ఇద్దరైనా లేరు. సిగ్గు ఒక కారణం. కూలి పోతుందనే బాధ ఒకటి. బస్సు ఛార్జీలు, తోడు వచ్చేవారు లేకపోవడం, పరీక్ష ఎక్కడ చేస్తారో తెలియకపోవడం. ఇవి జన్యువుల్లో లేవు, కాని మరణానికి కారణాల పట్టికలో వీటిని రాయకపోతే ఆ పట్టిక అబద్ధమవుతుంది.

17.7 మీరు చేయవలసిన పని

ఒక అద్దం, టార్చిలైటు తీసుకుని మీ నోరు మీరే చూసుకోండి. పెదవుల లోపల, రెండు బుగ్గలు, నాలుక పైన, కింద, పక్కల, అంగిలి. రుద్దినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మూడు వారాలైనా మానని పుండు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోండి. ఇంట్లో పొగాకు వాడే పెద్దవారికి కూడా ఇలాగే చూడండి. తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చేసినది ఇంతే, నోరు తెరిపించి కంటితో చూడటం. 2005లో వచ్చిన ఫలితాల్లో, పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు దానివల్ల దాదాపు మూడోవంతు తగ్గాయి.

ముప్పై దాటిన స్త్రీలు ఇంట్లో ఎవరెవరున్నారో ఒక కాగితం మీద రాయండి. మీరూ ఉంటే మీ పేరే ముందు రాయండి. గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎక్కడ, ఏ రోజు చేస్తారో ఆశా కార్యకర్తనో, ఏ.ఎన్.ఎం.నో అడిగి పేరు ఎదురుగా తేదీ వేయండి. బహిష్టు ఆగిపోయిన తరువాత మళ్ళీ రక్తం కనిపించినా, భార్యాభర్తలు కలిసిన తరువాత రక్తం కనిపించినా, రొమ్ములో నొప్పిలేని గడ్డ తగిలినా ఆ తేదీ దాకా ఆగవద్దు. నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు చాలామంది. తొలిదశలో నొప్పి ఉండదు. ఇంట్లో 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్ల ఉంటే హెచ్.పి.వి. టీకా గురించి కూడా అప్పుడే అడగండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

17.1

1. మొదటి మండలంలో లక్షకు 80, రెండో మండలంలో లక్షకు 60. సంఖ్య రెండోదానిలో ఎక్కువ, రేటు మొదటిదానిలో ఎక్కువ. ప్రమాదం కూడా మొదటిదానిలోనే ఎక్కువ అని చెప్పేముందు రెండుచోట్లా ముసలివారు ఎంతమందో తెలుసుకోవాలి.
2. చెప్పలేం. ఇంతకుముందు గుర్తించకుండా పోయిన జబ్బు ఇప్పుడు లెక్కలోకి వచ్చి ఉండవచ్చు. కొన్నేళ్ళ రేటును వరుసగా చూడాలి.

17.2

1. మూడోదానికి. అలవాటును తీసివేసినప్పుడు జబ్బు కూడా తగ్గితే, ఆ రెండింటి సంబంధం కాకతాళీయం కాదని గట్టిగా చెప్పవచ్చు.
2. పొగాకు వాడిన ప్రతివారికీ క్యాన్సర్ వస్తుందని ఎవరూ అనలేదు. వాడినవారిలో, వాడనివారి కంటే చాలా ఎక్కువమందికి వస్తుంది. తాతతోపాటు చుట్ట కాల్చి, ఈ మాట చెప్పడానికి మిగలనివారు ఎంతమందో కూడా అడగాలి.